పాడుపెట్టిన ఇల్లు

వంటింటి గూట్లో ఆ సీసా కనబడితే చాలు, దేవకుమారికి కడుపులో దేవేది. పచ్చడి జాడీకీ చింతపండు డబ్బాకీ మధ్య, మూత బిగించి, కాగితం అంటించి, దాని మీద తారీకు కూడా రాసి పెట్టాడు ఆమె మొగుడు జీవరాజు. అందులో ఉన్నవి గుడ్లగూబ కక్కిన ఉండలు. గుడ్లగూబ ఎలకను నమలదు, గుటుక్కున మింగేస్తుంది. అరిగినంత అరిగాక మిగిలిన బొచ్చూ ఎముకలూ పళ్లూ ముద్ద చేసి కక్కేస్తుంది. ఆ ముద్దల్ని ఏరుకొచ్చి, ఆదివారం చర్చి నుంచి రాగానే భోజనాల బల్ల మీద పేపరు పరిచి, ఫోర్‌సెప్సుతో విడదీసి, ఎలక పుర్రెలు లెక్కపెట్టుకోవడం అతనికి సరదా. ఆ ఫోర్‌సెప్సు కూడా ఈవిడ మందుల సంచిలోదే.

అలాగని దేవకుమారి సుకుమారి ఏమీ కాదు. పదిహేనేళ్లుగా నర్సు ఉద్యోగం చేస్తోంది. పురుళ్లు పోసింది, చీము పట్టిన పుండ్లు కడిగింది, పురుగులు పడ్డ కాలికి కట్టు కట్టి ఇంటికొచ్చి అన్నం తింది. కానీ అవన్నీ ఊళ్లో పని. అన్నం తినే బల్ల మీద ఎలక పుర్రెలేంటని ఆమె ఏడుపు. ఏమైనా అంటే మొగుడు నవ్వి, "సైన్సు దేవీ, సైన్సు" అనేవాడు.

జీవరాజు తాళ్లకోడు హైస్కూల్లో సైన్సు మాస్టారు. తాళ్లకోడు నిడదవోలుకు ఆరు మైళ్లు, కాలవగట్టు మీద ఊరు. ఐదేళ్ల కిందట పెద్ద లెన్సు ఉన్న కెమెరా ఒకటి కొన్నప్పటి నుంచీ అతనికి గుడ్లగూబల పిచ్చి పట్టుకుంది. తాటితోపుల్లో, పాడుబడ్డ రైసుమిల్లులో, చర్చి గంట పైన, ఎక్కడ గూబ వాలితే అక్కడికి సందెవేళ సైకిలేసుకుని పోయేవాడు. ముందుగది గోడ నిండా గూబలే. ఏసుప్రభువు పటానికి అటు రెండు, ఇటు రెండు గుడ్లప్పగించి చూస్తుంటే, ప్రార్థన కూటానికి వచ్చిన ఆడవాళ్లు గోడ వైపు వీపు పెట్టి కూర్చునేవారు.

ఫోటో తీయడంలో అతనికి పెద్ద నియమం ఒకటుండేది. పక్షిని కదపకూడదు, బెదరగొట్టకూడదు. దానికి దారం కట్టో, ఎలకను ఎరవేసో తీసిన ఫోటో ఫోటోయే కాదు. "ఇదంతా వాటి ఇల్లు. మనం చుట్టాలం. చుట్టపుచూపుగా వెళ్లి, వాటికి తెలియకుండా తిరిగి రావాలి" అని పిల్లలకు పాఠంలా చెప్పేవాడు. ఊళ్లో రైతుల్ని కూర్చోబెట్టి, గూబ ఏడాదికి ఎన్ని వందల ఎలకల్ని తింటుందో, ఎన్ని బస్తాల ధాన్యం మిగులుస్తుందో చెప్పి, అది అపశకునం అనడం అజ్ఞానం అని గొంతు చించుకునేవాడు. వాళ్లు చేతులు కట్టుకుని మర్యాదగా వినేవారు. ఇంటికెళ్లే దారిలో గూబ అరిస్తే థూ థూ అని మూడుసార్లు ఉమ్మేసేవారు.

తొంభై తొమ్మిదో సంవత్సరం ఆషాఢంలో, ఒకరోజు తెల్లారేసరికి రైతు గంగయ్యగారి పెంకుటింట్లో, నడిమింటి అటక మీద, తెల్లమొహం గుడ్లగూబలు రెండు కూర్చుని ఉన్నాయి. ఇక చెప్పేదేముంది! గూబ దూరిన ఇల్లు పాడుపెట్టాలి. సిద్ధాంతిగారు పంచాంగం తిరగేసి మూడు నెలలన్నారు. ఆ మూడు నెలలూ లోపలి వస్తువు బయటికి తేకూడదు, మనిషి గడప తొక్కకూడదు. గంగయ్యగారు, ఆయన భార్య అచ్చాయమ్మ, కొడుకు అబ్బులు, ఏడో నెల నడుస్తున్న కోడలు చిన్నమ్మాయి, కట్టుబట్టలతో, అరువు తెచ్చుకున్న నాలుగు వంటగిన్నెలతో కాలవ అవతల కళ్లంలో ఉన్న పశువులపాకలోకి మారిపోయారు. ఇంటికి తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా ముళ్లకంప పెట్టారు.

ఊరంతా అయ్యో అంది. జీవరాజుకు మాత్రం పండగే వచ్చింది. వెనక అరటితోట వైపున్న పెరటి తలుపు గొళ్లెం ఊడిపోయి ఉందని వారం తిరక్కముందే కనిపెట్టాడు. అప్పటి నుంచి రోజూ బడి వదలగానే ఇంటికొచ్చి, భార్య చేత ఫ్లాస్కు నిండా టీ పోయించుకుని, తోటలోంచి ఆ ఇంట్లోకి దూరేవాడు. అటకకు ఎదురుగా గోనెపట్టాలు కట్టి చాటు చేసుకున్నాడు. అక్కడ కూర్చుని చీకటి పడేదాకా ఫోటోలు తీసేవాడు.

"ఆ జంట గుడ్లు పెట్టింది దేవీ! ఒకటి కాదు, నాలుగు!" అని ఒకనాడు గుమ్మంలోంచే కేక వేశాడు. చొక్కా మీద తెల్లటి రెట్ట కారుతోంది. ఒళ్లంతా కుళ్లిన ఎలక వాసన. దేవకుమారి ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, చొక్కాను కర్రతో ఎత్తి బకెట్లో పడేసింది. పరాయివాళ్ల ఇంట్లోకి దొంగలా దూరడమేంటని ఆమెకు అనిపించకపోలేదు. అయినా ఖాళీ ఇల్లే కదా, ఎవరికి నష్టం అనుకుని ఊరుకుంది.

అక్టోబరు మొదట్లో చిన్నమ్మాయికి నొప్పులు వస్తే దేవకుమారే ఆస్పత్రికి తీసుకెళ్లింది. మగపిల్లాడు పుట్టాడు. తల్లీబిడ్డా మూడోరోజుకి పాకలోకే తిరిగొచ్చారు. దసరా వెళ్లాక మూడు నెలలూ తీరిపోతాయి, ఇల్లు చేరిపోతారు, ఇంకెన్నాళ్లులే అనుకుంది దేవకుమారి.

దసరా వెళ్లిపోయింది. దీపావళీ వెళ్లింది. పిల్లాడికి టీకా వెయ్యడానికి వెళ్లిన దేవకుమారి, పాకలో వాళ్లను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఒక పక్క మూడు గేదెలు. వాటి మూత్రపు కాలవ పొంగి నులకమంచం కోళ్ల దాకా వచ్చింది. దోమలకని వేసిన పొగ పాకంతా కమ్మేసింది. ఆ మంచం మీద చిన్నమ్మాయి, పక్కలో నెల దాటిన పసివాడు, ఎరువుల సంచి కోసి చేసిన పక్క మీద. పిల్లాడు దగ్గుతున్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటమ్మా? గడువు అయిపోయిందిగా?"

"అయిందండి. సిద్ధాంతిగారు చేరిపొమ్మనే అన్నారండి" అంది అచ్చాయమ్మ. "మాస్టారే ఆగమన్నారండి."

"ఏ మాస్టారు?"

"మీ మాస్టారేనండి. పిట్ట పిల్లల్ని పెట్టింది కాబట్టి లెక్క మారిపోద్దంటండి. అవి వాటంతట అవి ఎగిరిపోయేదాకా గడప తొక్కితే ఇంట్లో చంటిబిడ్డకి చేటని చెప్పారండి. ఇంతకాలం అపశకునం లేదు, ఏమీ లేదు అన్న మనిషే వచ్చి వద్దన్నారంటే, ఎంత కీడు ఉండకపోతే అంటారండీ? మా మావయ్యగారి రోజుల్నుంచీ సిద్ధాంతిగారి మాటే మాకు. కానీ ఈసారి ఆయన మాట కూడా పక్కన పెట్టేశామండి."

దేవకుమారికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పొగకో మరి దేనికో కళ్లు మండాయి.

"వాడికి వెచ్చగా ఏదైనా కప్పమ్మా" అంది చిన్నమ్మాయితో.

"బొంత కుట్టుకున్నానండి, రెండు పాత చీరలు పెట్టి. అంచుకి ఎర్రదారం వేసి ఎంత బాగా కుదిరిందో! ఆ అపశకునం రోజున లోపలే ఉండిపోయింది. ఇప్పుడు తెచ్చుకోకూడదంటగా" అని చిన్నమ్మాయి నవ్వింది. ఆ నవ్వు చూడలేక దేవకుమారి సంచిలో సిరంజి వెతుక్కుంది.

ఇంటికి వచ్చేసరికి జీవరాజు మెత్తటి గుడ్డతో లెన్సు తుడుచుకుంటున్నాడు.

"ఏవండీ, గంగయ్యగారితో ఏం చెప్పారు?"

అతను తలెత్తలేదు. "కొత్తగా నేనేం చెప్పాను? వాళ్ల నమ్మకమే వాళ్లకి చెప్పాను. ఇప్పుడు లోపలికెళితే మొట్టమొదట ఏం చేస్తారో తెలుసా? అటక మీదకి పొగపెడతారు. నాలుగు పిల్లలు. వాటికి ఇంకా సరిగ్గా ఈకలైనా రాలేదు దేవీ!"

"గంగయ్యగారి మనవడికి వచ్చాయా ఈకలు?"

"వెటకారం కాదు. పక్షిని దాని సహజమైన చోట, కదపకుండా, గుడ్డు నుంచి మొదటిసారి ఎగిరేదాకా తీసినవాడు ఈ జిల్లాల్లో ఎవడూ లేడు. డిసెంబర్లో రాజమండ్రిలో ప్రదర్శన ఉంది. ఇంకో మూడు వారాలు. అంతే."

"సహజమైన చోటేంటండీ? అది వాళ్ల నడిమిల్లు. ఆ పిల్ల బాలింత. రేపు వాన పడితే?"

"నాలుగు నెలలున్నవాళ్లు మూడు వారాలు ఉండలేరా? వాళ్లకి అలవాటైపోయింది."

అలవాటైపోయింది! ఆ మాట అన్నవాడు తను రోజూ పక్కన పడుకునే మనిషేనా అని దేవకుమారి అతని మొహం వంక చూసింది. నున్నగా గీసుకున్న గడ్డం, తెల్లటి చొక్కా, చేతిలో తళతళలాడే అద్దం. ఎలక పుర్రెల కంటే అవే ఎక్కువ రోతగా కనిపించాయి ఆమెకు.

మర్నాడు పొద్దున్నే కాలవ దాటి వెళ్లి, ఇంట్లోకి చేరిపొమ్మని అచ్చాయమ్మను బతిమాలింది. అచ్చాయమ్మ చెంపలేసుకుంది. "అమ్మో, మాస్టారంతటి మనిషి చెప్పాక ఎలాగండీ?"

"మాస్టారు పొరబడ్డారండి."

"ఆయన పొరబడతారా అండీ?" అంది అచ్చాయమ్మ జాలిగా, మొగుడి విలువ తెలియని ఆడదాన్ని చూసినట్టు చూసి.

పొరబడ్డారు అంది గానీ, అబద్ధం చెప్పారు అనడానికి దేవకుమారికి నోరు రాలేదు. అదొక్క మాట అంటే చాలు, సాయంత్రానికల్లా ఆ బిడ్డ పొడి ఇంట్లో పడుకునేవాడు. అనలేకపోయింది. ఊళ్లో పరువు, బళ్లో పరువు, చర్చిలో పరువు, అన్నీ అడ్డం పడ్డాయి. ఆ సాయంత్రం మొగుడు సైకిలు తీస్తుంటే, చేతులు వాటి అలవాటున ఫ్లాస్కులో టీ కూడా పోసి ఇచ్చాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు అన్నిటికన్నా రోత పుట్టించింది ఆ టీయే.

నవంబరు నడిమధ్యలో వాయుగుండం పట్టుకుంది. మూడురోజులు తెరిపి లేదు. కాలవ పొంగి కళ్లంలోకి నీళ్లొచ్చాయి. పాక కప్పు కారి, ఎక్కడ ఎత్తు ఉంటే అక్కడికి మంచాన్ని జరుపుకుంటూ వచ్చారు. మూడోరోజు అబ్బులు తడిసి ముద్దయి దేవకుమారి గుమ్మంలో నిలబడ్డాడు. "పిల్లాడు డొక్కలు ఎగరేస్తున్నాడండి. పాలు పట్టట్లేదండి."

ఆమె వెళ్లేసరికి పసివాడి పెదాలు నీలంగా ఉన్నాయి. ట్రాక్టరు మీద టార్పాలిను కప్పి, పిల్లాణ్ణి తన జాకెట్టుకు అదుముకుని, నిడదవోలు పిల్లల డాక్టరు దగ్గరికి చేర్చింది. న్యుమోనియా అన్నారు. ఆక్సిజను పెట్టారు. తొమ్మిది రోజులు అక్కడే ఉన్నారు. ఆ తొమ్మిది రోజులూ దేవకుమారి డ్యూటీ అయ్యాక బస్సెక్కి వెళ్లేది. చిన్నమ్మాయి ఒక్కసారి కూడా ఏడవలేదు. పిల్లాడి ముక్కుకు పెట్టిన గొట్టం వంక చూస్తూ, "ఇల్లు వదిలేసినా కీడు వదల్లేదండి" అని మాత్రం అంది. అప్పుడైనా చెప్పాల్సింది. పిల్లాడు గట్టెక్కనీ, చెబుతాననుకుంది దేవకుమారి. ఆ వంక కూడా ఆమెకు తేలిగ్గానే దొరికింది.

పిల్లాడు గట్టెక్కాడు. అదే రోజుల్లో అటక మీది గూబపిల్లలు కూడా ఒక్కొక్కటే గాలికంతలోంచి ఎగిరిపోయాయి. చివరిది రెక్కలు విప్పిన క్షణాన జీవరాజు సరిగ్గా మీట నొక్కాడు. రీలు కడిగించుకుని వచ్చినరోజు అతని కాళ్లు నేల మీద ఆనలేదు. "చూడు దేవీ, చూడు!" అని ఫోటో మొహం మీద పెట్టాడు. తెల్లటి రెక్కలు, ఒక్కొక్క ఈకా విడివిడిగా, వెనక నల్లటి చీకటి. చక్కటి ఫోటో. ఎక్కడా మరక లేదు, వాసన లేదు. ఆమెకు దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

"ఇప్పుడైనా వెళ్లి నిజం చెప్పండి. నేను అబద్ధమాడాను, మీ ఇంటికి ఏ కీడూ లేదు అని మీ నోటితో చెప్పండి. మీరు చెబితేనే నమ్ముతారు."

"చెబుతాను, చెబుతాను. నేను చూసుకుంటాలే" అన్నాడు.

చూసుకున్నాడు కూడా. ఆస్పత్రికి వెళ్లి, గంగయ్యగారి చేతులు పట్టుకుని, "రాత్రి ఉపవాసముండి ప్రార్థన చేశానండి. పిట్టలు వెళ్లిపోయాయి, ఇంటికి పట్టిన పాడు తీరిపోయింది. ఇక ధైర్యంగా చేరండి" అన్నాడు. జీవితమంతా మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చిన మనిషి, చర్చిలో కునికిపాట్లు పడే మనిషి! పక్కనే నిలబడ్డ దేవకుమారి అప్పుడు కూడా పిల్లాడి దుప్పటే సర్దింది. గంగయ్యగారు వంగి అతని కాళ్లకు దండం పెట్టాడు. జీవరాజు వద్దు వద్దంటూనే పెట్టించుకున్నాడు.

కార్తీకం వెళ్లకముందే, ఒక ఆదివారం పొద్దున్న, ఇంటి ముందు ముళ్లకంప తీశారు. జీవరాజు గంధం రంగు చొక్కా వేసుకుని, కెమెరా తగిలించుకుని, దేవకుమారితో కలిసి వచ్చాడు.

"ముందు నేనొక్కణ్ణీ లోపలికెళ్లి ప్రార్థన చేసొస్తాను. మీరంతా ఇక్కడే ఉండండి" అన్నాడు తొందరగా.

"ఒక్కరే ఎందుకండీ? బిడ్డని మీ చేతుల మీదుగానే గడప దాటించాలండి. మీరుండగా మాకేం భయం?" అని అచ్చాయమ్మ మనవణ్ణి అతని చేతుల్లో పెట్టేసింది. కెమెరా మెడలోంచి తీసి దేవకుమారికి ఇచ్చింది. "మీరొక ఫోటో తియ్యండి నర్సమ్మగారూ, మాస్టారూ బిడ్డా ఉండేలాగ."

అందరూ వెనకే లోపలికి నడిచారు. తలుపు తెరవగానే గుప్పున కొట్టింది వాసన. ఎలక తోకలు, బొచ్చు ఉండలు, నేలంతా సున్నం పోసినట్టు రెట్టలు. అచ్చాయమ్మ ముక్కు మూసుకుంది. అబ్బులు కిటికీ తీశాడు. వెలుగు పడేసరికి అటకకు ఎదురుగా, ధాన్యం గాదె పక్కన, గోనెపట్టాల చాటు కనిపించింది. చాటు వెనక ఒక స్టూలు, రెండు బిస్కెట్ పొట్లాలు, ఒక ఫ్లాస్కు.

"ఇదేంటండీ?" అన్నాడు గంగయ్యగారు. "మనింట్లోకి ఎవరొచ్చారు?"

"దొంగెవడో దూరినట్టున్నాడండి. పాడుపెట్టిన ఇల్లు కదా" అన్నాడు జీవరాజు. పసివాణ్ణి ఎత్తుకుని ఉన్నాడు. గొంతు తొణకలేదు.

చిన్నమ్మాయి స్టూలు దగ్గరికి వెళ్లింది. స్టూలు మీద మెత్తగా ఉండడానికి నాలుగు మడతలు పెట్టి వేసిన గుడ్డను లాగింది. మడతలు విప్పింది. పాత చీరల బొంత. అంచుకు ఎర్రదారం. మధ్యలో కూర్చుని కూర్చుని నలిగిపోయి, గూబ రెట్ట ఎండి పెచ్చులు కట్టింది.

"ఆ ఫ్లాస్కు నాదేనండి" అంది దేవకుమారి.

అందరూ ఆమె వైపు తిరిగారు. జీవరాజు "దేవీ" అన్నాడు, బళ్లో పిల్లల్ని అదిలించే గొంతుతో.

"నాదే. రోజూ టీ పోసి నేనే పంపాను. ఆషాఢం నుంచీ ఈయన పెరటి తలుపులోంచి రోజూ ఇక్కడికే వచ్చారు. ఈయనకేం కీడు జరగలేదు, చూశారుగా. మిమ్మల్ని రావద్దన్నది ఫోటోల కోసం. మీరొస్తే పిట్టలు పోతాయని అబద్ధమాడారు. ప్రార్థనా లేదు, ఉపవాసమూ లేదు. ఆ రాత్రి ఈయన కోడికూర తిన్నారు. నాకు నెల కిందటే తెలుసు. తెలిసీ చెప్పలేదు."

గంగయ్యగారు జీవరాజు మొహం వంక చూశాడు. అది కాదని ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూసినట్టుంది. జీవరాజు అటక వంక చూశాడు. "నాలుగు ప్రాణాలండీ అవి" అన్నాడు నెమ్మదిగా.

చిన్నమ్మాయి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "ఎత్తుకున్నది చాలండి. ఇలా ఇచ్చెయ్యండి" అంది. పిల్లాణ్ణి అందుకుని, పమిట చెంగుతో వాడి తలా, వీపూ, కాళ్లూ, అతని చేతులు తగిలినంత మేరా తుడిచింది. తొందరపడకుండా తుడిచింది. జీవరాజు ఇంకాసేపు ఖాళీ చేతులతో అలాగే ఉండి, తరవాత ముందు గుమ్మంలోంచి బయటికి వెళ్లిపోయాడు.

దేవకుమారి కెమెరా అరుగు మీద పెట్టి వచ్చి, చెంగు బొడ్లో దోపి, మూలనున్న చీపురు తీసుకుంది. ఆ రెట్టలు, ఆ ఎముకలు, అవి గీకి కడగడానికి ఆమెకు ఇప్పుడు ఏ రోతా లేదు. రెండు చేతులతో ఎత్తిపోసేది, అడిగితే.

"వద్దండి" అంది చిన్నమ్మాయి. "మేం చేసుకుంటాం."

చీపురు ఆమె చేతిలోంచి తీసుకుంది. స్టూలు కింద నుంచి ఫ్లాస్కును, చచ్చిన ఎలకను తోక పట్టుకుని ఎత్తినట్టు, రెండు వేళ్లతో ఎత్తి అందించింది. "మీదేగా నర్సమ్మగారూ. పట్టుకెళ్లండి."

దేవకుమారి పట్టుకుని కాలవగట్టు మీదుగా ఇంటికి నడిచింది. అందులో సగం టీ ఇంకా అలాగే ఉంది.